ఫాల్మౌత్‌లో ఓడ దిగేవారు రేవు గేటు దాటి ఊళ్లోకి వెళ్లాలి

జమైకా ఉత్తర తీరంలోని ఫాల్మౌత్‌లో ఓడ దిగి, రేవు ప్రహరీ లోపలి దుకాణాల్లో కాసేపు తిరిగి, నాలుగు ఫోటోలు తీసుకుని మళ్లీ ఓడ ఎక్కేసేవారిని చూస్తే నాకు నిజంగానే కోపం వస్తుంది. సెలవుల్లో ఫ్లోరిడా నుంచి క్రూజ్‌కు బయలుదేరే మన తెలుగు కుటుంబాల్లో కూడా చాలామంది చేసేది ఇదే కాబట్టి, కొంత వివరంగా రాయదలచుకున్నాను.

అయిదు వేల మందికి పైగా ప్రయాణికులను మోసే భారీ ఓడలు ఆగేందుకు వీలుగా ఈ రేవును కట్టి 2011లో ప్రారంభించారు. ఊరి జనాభా పది వేలకు లోపే. అయినా దిగిన జనంలో అధిక భాగం ఊరివైపు కన్నెత్తి చూడరు, ఎందుకంటే వజ్రాలు, గడియారాలు, రమ్ సీసాలు, టీషర్టులు అన్నీ గేటు లోపలే అమర్చి ఉంటాయి. ఇలాంటి దుకాణాలే మెక్సికో రేవు కోజుమెల్‌లోనూ కనిపిస్తాయి, బహామాస్ రేవు నాసావ్‌లోనూ కనిపిస్తాయి. ఓడలో పంచే షాపింగ్ మ్యాపుల్లో సిఫారసు చేసే దుకాణాలు సాధారణంగా ప్రచారానికి రుసుము చెల్లించినవేనన్న సంగతి ఆ మ్యాపు చేతబట్టుకుని తిరిగేవారిలో ఎందరికి తెలుసో మరి.

గేటు బయట ఉన్నది 1769లో పుట్టిన ఊరు. చుట్టుపక్కల చెరకు తోటల నుంచి చక్కెర, రమ్ ఇక్కడి నుంచే ఇంగ్లండుకు వెళ్లేవి. ఆ సొమ్ముతో కట్టిన రాతి భవనాలు, చెక్క మేడలు, తిన్నని వీధులు ఇప్పటికీ ఉన్నాయి. కొన్ని శిథిలమయ్యాయి, కొన్నింటికి కొత్త రంగులు పడ్డాయి. న్యూయార్క్ కంటే ముందే తమ ఊరికి గొట్టాల ద్వారా నీళ్లు వచ్చాయని అక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. 1799లో మార్తా బ్రే నది నుంచి ఆ నీళ్లు తెచ్చి నిలవచేసిన చోటే నేటి వాటర్ స్క్వేర్. రేవు నుంచి అక్కడికి నడిచి వెళ్లడానికి ఎంతో సేపు పట్టదు.

నా దృష్టిలో ఈ ఊళ్లో తప్పక చూడవలసినది విలియం నిబ్ స్మారక బాప్టిస్టు చర్చి. నిబ్ ఇంగ్లండు నుంచి వచ్చిన పాదరి, బానిసత్వానికి బద్ధ శత్రువు. 1831 క్రిస్మస్ నాడు మొదలైన బానిసల తిరుగుబాటు తరువాత ఆయన ప్రార్థనాలయాన్ని తోటల యజమానుల పక్షం వహించిన దళాలు ధ్వంసం చేశాయి. బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం 1834లోనే అమల్లోకి వచ్చినా, 'అప్రెంటిస్' పేరుతో అదే యజమాని దగ్గర అదే చాకిరీ మరో నాలుగేళ్లు సాగింది. 1838 జులై 31 రాత్రి జనం ఇక్కడ గుమిగూడి, అర్ధరాత్రి దాటి పూర్తి స్వేచ్ఛ వచ్చాక, సంకెళ్లను, కొరడాను, ఇనుప మెడపట్టీని శవపేటికలో పెట్టి పూడ్చిపెట్టారు. ఆనాటి దృశ్యాన్ని చెక్కిన పాలరాతి ఫలకం చర్చి లోపల ఉంది.

ఈ కథ మనవాళ్ల దాకా వస్తుంది. స్వేచ్ఛ పొందినవారు పాత కూలికి చెరకు తోటల్లో పనిచేయడానికి ఇష్టపడకపోవడంతో, యజమానులు ఒప్పంద కూలీల కోసం భారతదేశం వైపు చూశారు. 1845 మే 10న మొదటి ఓడ ఓల్డ్ హార్బర్ బేకు చేరింది. 1917 వరకు దాదాపు 36,000 మంది భారతీయులు జమైకాకు వచ్చారు. అందుకే జమైకా పెళ్లి విందుల్లో ఈనాడు మేక మాంసం కూర తప్పనిసరి. శాకాహారులు బెంగపడనక్కర లేదు. కలలూ అని వడ్డించేది మన తోటకూర జాతికి చెందిన ఆకే, కాకపోతే కొన్నిచోట్ల అందులో ఎండు చేప కలుపుతారు కనుక ముందే అడగాలి. ఆల్‌స్పైస్ అనే మసాలా చెట్టు కట్టెల మీద కాల్చిన జెర్క్ చికెన్‌ను మాత్రం రేవు లోపల కాకుండా ఊళ్లోనే తినాలన్నది నా మొండి పట్టు.

నడక మీద ఆసక్తి లేనివారికి మార్తా బ్రే నదిలో వెదురు తెప్పల ప్రయాణం ఉంది. దాదాపు మూడు మైళ్లు ప్రవాహంతో పాటే మెల్లగా సాగుతుంది, పెద్దవాళ్లకూ ఇబ్బంది ఉండదు. డన్స్ రివర్ జలపాతం అందమైనదే గానీ, అది ఉన్న ఓచో రియోస్ ఊరి దాకా బస్సులో పోయి రావడానికే ఉన్న సమయంలో పెద్ద వాటా ఖర్చవుతుంది. క్రికెట్ పిచ్చి ఉన్నవారు 2007 ప్రపంచకప్ ప్రారంభోత్సవం జరిగిన ట్రెలానీ స్టేడియాన్ని చూసి రావచ్చు.

బయటికి వెళితే దోచుకుంటారన్న భయాన్ని నేను కొట్టిపారేయను. పగటిపూట, నలుగురితో కలిసి, రేవుకు దగ్గరి వీధుల్లోనే తిరగమంటాను. గేటు దాటగానే టాక్సీవాళ్లు, చిరువ్యాపారులు చుట్టుముడతారు, అది వాళ్ల జీవనోపాధి, చిరునవ్వుతో వద్దంటే సరిపోతుంది. ఎర్ర నంబరు ప్లేటు ఉన్న టాక్సీనే ఎక్కి, బేరం ముందే కుదుర్చుకోవాలి. సైనికుల దుస్తులను పోలిన మచ్చల (కామొఫ్లాజ్) బట్టలు వేసుకోవడం జమైకాలో చట్టవిరుద్ధం కాబట్టి పిల్లల బట్టలు సర్దేటప్పుడే చూసుకోవాలి. జమైకాలో గడియారాలను వేసవికి ముందుకు జరపరు. అందువల్ల వేసవిలో ఓడ సమయానికీ ఊరి సమయానికీ గంట తేడా ఉండవచ్చు.

ఒక లోటు మాత్రం తప్పదు. ఊరికి దగ్గర్లోనే, నది సముద్రంలో కలిసే చోట ఉన్న మడుగులో రాత్రిపూట చెయ్యి పెట్టి కదిపితే నీళ్లు నీలంగా మెరుస్తాయి. ఆ వెలుగు నీటిలోని సూక్ష్మజీవులది. చీకటి పడితే గాని కనిపించదు, ఓడలేమో చాలావరకు సాయంత్రానికే లంగరు ఎత్తేస్తాయి. అది చూడాలనుకునేవారు ఓడ టికెట్టు కొనేముందు ఫాల్మౌత్ నుంచి బయలుదేరే వేళను చూసుకోవాలి, లేదంటే విమానంలో మాంటెగో బేకు వెళ్లి ఒక రాత్రి ఒడ్డునే బస చేయాలి.