పెట్టె సర్దింది ఎవరు?

మొన్నటి మన తెలుగు సంఘం దీపావళి వేడుకలకు వచ్చినవాళ్లకి ఆ శాలువా సన్మానం గుర్తుండే ఉంటుంది. పిల్లల దీపాల నృత్యం అయిపోయింది, భోజనాల క్యూ ఇంకా మొదలవలేదు. ఆ సందులో మైకు పుచ్చుకున్న మన యాంకర్‌గారు ఒక పెద్దావిడని వేదిక మీదికి పిలిచారు. ఆ దీపాలు హైదరాబాద్ నుంచి మోసుకొచ్చింది ఆవిడేనట. ఎయిర్‌పోర్టులో పెట్టె ఆపేశారట, విప్పించారట, గంటకి పైగా నిలబెట్టారట. "అయినా మన ఆంటీ తగ్గలేదు! సెక్యూరిటీ వాళ్లకే చుక్కలు చూపించి దీపాలు తెచ్చేశారు!" అనగానే హాలంతా ఈలలు. అధ్యక్షులవారు శాలువా కప్పారు, కోశాధికారిగారు మెమెంటో ఇచ్చారు, ఫొటోలు దిగారు.

నేను చప్పట్లు కొట్టలేదు. పక్కనున్నావిడ "ఏంటండీ అలా ఉన్నారు?" అని అడిగారు. అక్కడ చెప్పడం బాగుండదని ఊరుకున్నాను.

నా ఉద్యోగం సంగతి మీలో కొందరికి తెలుసు. ఎయిర్ కార్గో ఆఫీసులో ప్రమాదకరమైన సరుకుల కాగితాలు చూస్తాను. పెయింటు డబ్బాలు, పెర్‌ఫ్యూములు, బ్యాటరీలు... ఏది ఏ విమానం ఎక్కొచ్చు, ఎలా ప్యాక్ చెయ్యాలి, ఏ లేబులు అంటించాలి అన్నది మా పని. సంతకం పెట్టేవాడికి డబ్బాలో ఏముందో తెలిసుండాలి. తెలియకుండా పెట్టిన సంతకం దొరికితే ఉద్యోగం ఊడుతుంది.

భోజనాల దగ్గర ఆ పెద్దావిడ, అదే మన పిన్నిగారి పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కూతురి పురుడికని వచ్చారావిడ. జరిగిందంతా ఆవిడ నోటే విన్నాను. ప్రయాణానికి ముందురోజు రాత్రి కూకట్‌పల్లిలో వాళ్లబ్బాయి ఇంటికి ఎవరో కుర్రాడు ఒక అట్టపెట్టె తెచ్చిచ్చాడు. చుట్టూ గోధుమరంగు టేపు నాలుగు వరసలు. పైన స్కెచ్ పెన్నుతో 'పగిలే సామాను, తెరవొద్దు' అని రాసి ఉంది. పెట్టె 23 కేజీలు దాటకూడదు కదా, అందుకని బాలింత కాయం సీసా, సున్నుండల డబ్బా తీసి కొడుకింట్లోనే వదిలేశారు. కూతురి కోసం చేసుకున్నవి దించి, మన సంఘం సామాను ఎక్కించారన్నమాట. ఈ ముక్క వేదిక మీద ఎవరూ చెప్పలేదు.

కౌంటర్‌లో అమ్మాయి అడిగింది తెలుగులోనే. "పెట్టె మీరే సర్దుకున్నారా అమ్మా? ఎవరైనా ఏమైనా ఇచ్చారా?" పిన్నిగారు మొదటిదానికి అవునన్నారు, రెండోదానికి లేదన్నారు.

"నాకేం తెలుసమ్మా! తెరవొద్దన్నారు, తెరవలేదు. ఏమడిగినా నేనే సర్దుకున్నానని చెప్పండాంటీ, లేకపోతే లేనిపోని గొడవ అన్నారు ఫోన్లో. అలాగే చెప్పా."

కాసేపటికి సెక్యూరిటీ వాళ్లు పేరు పెట్టి పిలిచారు. డబ్బా కోసి చూస్తే దీపాల కింద, అట్టముక్కల మధ్య వరసగా పవర్‌బ్యాంకులు. ఇవేంటని అడిగితే ఆవిడ "దీపాలు బాబూ" అన్నారు. "నేనే సర్దుకున్నానన్నారు కదమ్మా" అన్నాడట అతను, కసురుకోకుండానే. "అప్పుడు నోరు పెగల్లేదమ్మా. నన్ను దొంగలా చూడలేదు గానీ నాకే దొంగతనం చేసినట్టుంది" అన్నారు. పవర్‌బ్యాంకులు అక్కడే ఉండిపోయాయి. మళ్లీ ఇక్కడే కొన్నారు, ఒక్క సాయంత్రంలో దొరికేశాయి. చుక్కలు ఎవరు ఎవరికి చూపించారో మీరే చెప్పండి.

పవర్‌బ్యాంకంటే ఫోను చార్జరే కదా అనుకుంటాం. లోపలుండేవి లిథియం అయాన్ సెల్స్. ఒకటి చెడి వేడెక్కితే ఆ వేడి పక్కదాన్ని రగిలిస్తుంది, అది ఆ పక్కదాన్ని. విమానం అడుగున సామాన్ల అరలో మంటలార్పడానికి హాలాన్ అనే వాయువు వదులుతారు. అది మంటని అణుస్తుంది గానీ సెల్ నుంచి సెల్‌కి పాకే వేడిని ఆపలేదు. అందుకే వాటిని పెట్టెలో వద్దు, చేతిసంచిలో పెట్టుకోమంటారు. పొగొస్తే నలుగురి కళ్లా పడుతుంది, సిబ్బంది నీళ్లు పోసి చల్లార్చగలరు. 2010 సెప్టెంబరులో దుబాయ్ నుంచి లేచిన యూపీఎస్ కార్గో విమానంలో లిథియం బ్యాటరీలున్న సరుకు అంటుకుంది. కాక్‌పిట్ నిండా పొగ కమ్మి, మీటర్లు కూడా కనబడని స్థితిలో ఇద్దరు పైలట్లూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2016 ఏప్రిల్ నుంచి ప్రయాణికుల విమానాల్లో ఈ బ్యాటరీలని కార్గోగా వేయడాన్నే ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ఆపేసింది. పెద్ద కంపెనీ కాగితాలన్నీ పట్టుకొచ్చినా నేను వెనక్కి పంపే సరుకు పిన్నిగారి పెట్టెలో గద్వాల చీరల మధ్య కూర్చుంది!

చేతిసంచిలో అయినా నిశ్చింతేమీ కాదు. 2025 జనవరిలో కొరియాలోని గిమ్‌హే ఎయిర్‌పోర్టులో, ఇంకా నేల మీదే ఉన్న ఎయిర్ బూసాన్ విమానం పైకప్పు కాలిపోయింది. మంట పుట్టింది తల మీది సామాన్ల అరలో, అనుమానం పవర్‌బ్యాంకు మీద. లోపలున్న 176 మందీ బయటపడ్డారు. గాల్లో ఉండగా అయితే? ఆ ఏడాది మార్చి నుంచి కొరియా వాటిని పై అరలో పెట్టనివ్వడం లేదు, కంటి ముందే ఉంచుకోవాలి. సందర్భం వచ్చింది కాబట్టి ఒక లెక్క చెబుతాను. పరిమితి 100 వాట్-అవర్లు, అంటే బ్యాటరీలో పట్టే శక్తికి కొలత. పవర్‌బ్యాంకు మీద రాసున్న ఎంఏహెచ్ అంకెని 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 20,000ది 74 వస్తుంది, ఫరవాలేదు. 30,000ది 111. దానికి ఎయిర్‌లైన్స్ అనుమతి తీసుకోవాలి.

బ్యాటరీ సంగతి అలా ఉంచండి. నన్ను పొడిచింది ఫోన్లో చెప్పిన ఆ మాట, ఏమడిగినా నేనే సర్దుకున్నానను అన్నది. ఆ మాట మనలో చాలామంది మన అమ్మానాన్నలకి చెప్పి పంపిస్తున్నదే.

ఎయిర్ ఇండియా కనిష్క విమానం పేరు మనలో చాలామంది వినే ఉంటారు. 1985 జూన్ 23న ఐర్లండ్ తీరం దగ్గర పేలిపోయింది, 329 మంది పోయారు. ఆ బాంబు పెట్టె వాంకూవర్‌లో ఎక్కింది. టొరంటో నుంచి సీటు ఖాయం కానివాడు తన పెట్టెని ఢిల్లీ దాకా ట్యాగ్ చెయ్యమని పట్టుబట్టాడు. కౌంటర్‌లో ముందు కుదరదన్నారు. వెనక క్యూ పెరిగింది, మనిషి గొడవ చేశాడు, సరేనన్నారు. పెట్టె వెళ్లింది, వాడు వెళ్లలేదు. ప్రయాణికుడు ఎక్కకపోతే అతని పెట్టె దించేసే పద్ధతి గట్టిపడింది ఆ తర్వాతే. ఇప్పుడు మన విమానం గంట ఆలస్యమైతే విసుక్కుంటాం చూడండి, కొన్నిసార్లు అందుకే.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో లండన్ హీత్రోలో ఇంకో రకం. ఇజ్రాయెల్ వాళ్ల ఎల్ ఆల్ విమానం ఎక్కబోతున్న ఐర్లండ్ అమ్మాయి, కడుపుతో ఉంది. పెళ్లి చేసుకుంటానన్నవాడు ఆమెకో సంచి ఇచ్చాడు, అడుగున కేజీన్నర పేలుడు పదార్థం. ఆమెకి తెలియదు. హీత్రో తనిఖీలో పట్టుబడలేదు. ఎల్ ఆల్ వాళ్లు ఎవరు సర్దారు, ఎవరిచ్చారు, ఎక్కడ దిగుతావు అని కూర్చోబెట్టి అడిగి, ఖాళీ చేసినా బరువు తగ్గని సంచిని చీల్చి చూశారు. వాడు ఆమెని ఎంచుకున్నదెందుకు? గర్భిణిని ఎవరూ అనుమానించరని.

మన దీపాల కుర్రాడినీ వాడినీ ఒకే గాటన కట్టడం లేదు, అంత మాట నా నోట రాదు. కానీ మనం పెద్దవాళ్ల చేతికే ఎందుకిస్తాం? వాళ్లకి బరువు మిగులుతుందని పైకి అంటాం. తెల్లజుట్టు, బొట్టు, నూలు చీర చూసి ఎవరూ గట్టిగా అడగరన్నది లోపలి లెక్క. ఆ లెక్క మనకంటే ముందు ఎవరెవరు వేశారో పైన చెప్పాను.

అవతలి పక్షం వాదన నాకు తెలుసు. అమెరికాయే 2002లో ఈ ప్రశ్నలు అడగడం మానేసింది, ఇక దండగ ప్రశ్నకి దండగ జవాబు కాదా అంటారు. కౌంటర్ల దగ్గర ఇంగ్లీషులో గొణిగినట్టు అడుగుతారు, బోర్డు మీద బొమ్మలు పెద్దవాళ్లకి ఆనవు, కురిడీ కొబ్బరి పెట్టెలో పెట్టకూడదని ఎంతమందికి తెలుసు అంటారు. నూనె ఎక్కువుండి దానంతట అదే వేడెక్కే సరుకు కాబట్టి అదీ నా జాబితాలోదే, మన ఇళ్లలో పూజసామాను. ఇవన్నీ నిజాలే, ఎయిర్‌లైన్స్ తప్పు చాలా ఉంది. కానీ జనం అందరూ ఒకే జవాబు వల్లించడం వల్లే కదా ఆ ప్రశ్న దండగైంది. పిన్నిగారు "లేదమ్మా, ఈ డబ్బా ఎవరో ఇచ్చారు, నేను చూడలేదు" అని ఉంటే అక్కడే కోసి, తీసేవి తీసేసి పంపేవారు. ఆవిడకి ఆ గంట తప్పేది.

ఉన్నదున్నట్టు చెప్పి అడిగితే దారి దొరికిన సందర్భమూ ఉంది. కొబ్బరికాయ చేతిసంచిలో కుదరదు. 2024లో శబరిమల సీజనుకి అయ్యప్పల ఇరుముడిలో కాయని అనుమతించారు, ఎక్స్‌రే తీసి, పేలుడు పదార్థాల పరీక్ష చేసి, చేత్తో తడిమి చూసిన తర్వాతే. స్వాములు కాయని దాచలేదు, చూపించి ఎక్కారు.

పార్సిళ్ల విషయంలో నాకు సెంటిమెంటేమీ లేదు, రూలు రూలే అంటాను. మా ఇంట్లో నన్ను కస్టమ్స్ ఆఫీసరని పిలుస్తారు. అయినా ఒకటి చెప్పాలి. పెళ్లయి ఈ దేశం వచ్చిన తొలి వేసవిలో మా అమ్మ ఆవకాయ పంపింది. డబ్బా మూత చుట్టూ టేపు, దాని మీద రెండు పాలిథిన్ కవర్లు, ఆ పైన మా తాతగారి పాత పంచె ముక్క, దానికి పురికొస. తెచ్చినాయన మాకేమీ కారు, మా ఊరికి రెండో ఊరు. మర్నాడు ఉదయమే కారేసుకొచ్చి ఇచ్చి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. పేరు మరిచిపోయాను గానీ తెల్లచొక్కా జేబు దగ్గర ఎర్రటి నూనె మరక ఇంకా కళ్ల ముందుంది. ఆ రోజు నేను వేడన్నంలో కలుపుకుని ఏడ్చానంటే నమ్ముతారా? మా అమ్మ ఆ డబ్బా ఆయన ఎదుటే కట్టిందట, "ఇందులో ఇది తప్ప ఇంకేం లేదు నాయనా, చూసుకో" అని మూత తీసి, ఓ ముక్క నోట్లో పెట్టించి మరీ. ఇచ్చే పద్ధతంటే అదీ. దాన్ని మనం ఎక్కడ పారేసుకున్నాం?

కార్యవర్గానికి నా విన్నపం. సంక్రాంతి ముగ్గుల సామాను కోసం 'ఎవరి పేరెంట్సయినా వస్తున్నారా, 5 కేజీలే' అని గ్రూపులో అప్పుడే మెసేజ్ పడింది. ఆ మెసేజ్ కిందే ఏమేం ఉంటాయో తెలుగులో రాసి పెట్టండి. డబ్బాకి టేపు వేయకండి. తెచ్చేవాళ్లు తమ చేత్తో ఒక్కొక్కటీ తీసి చూసి, తమ పెట్టెలో తామే సర్దుకోవాలి. మనసొప్పకపోతే వద్దని చెప్పే చనువు వాళ్లకుండాలి, చెబితే ఎవరూ మొహం ముడుచుకోకూడదు. అడిగితే ఎవరిచ్చారో చెప్పమనండి, సంఘం పేరే చెప్పమనండి. బ్యాటరీతో నడిచేవేవీ అక్కడి నుంచి తెప్పించొద్దు. ఇక్కడ కొంటే ఖర్చెక్కువని కోశాధికారిగారు అంటే, ఆ బిల్లు నాకు పంపించండి.