కాల్ ఆఫ్ డ్యూటీకి గ్యారంటీ ఇచ్చారు సరే, మిగతావాళ్ల సంగతేంటి?

కాల్ ఆఫ్ డ్యూటీ అనే గేమ్ తీసే యాక్టివిజన్ కంపెనీని మైక్రోసాఫ్ట్ కొనకుండా ఆపాలని అమెరికాలో నడిచిన కేసులో, 2023 జూన్‌లో శాన్ ఫ్రాన్సిస్కో కోర్టులో సాక్ష్యం చెప్తూ మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల ఒక మాటన్నారు. తన చేతిలో ఉంటే కన్సోల్ ఎక్స్‌క్లూజివ్స్ (టీవీకి తగిలించే గేమింగ్ డబ్బాల్లో ఒక్క కంపెనీ డబ్బా మీదే ఆడగలిగే గేమ్స్) అన్నీ ఎత్తేసేవాణ్ణని, కానీ మార్కెట్లో పై చేయి ఉన్న కంపెనీ వాటితోనే పోటీ నడుపుతోంది కాబట్టి తప్పట్లేదని, ఆ పద్ధతంటే తనకేం ఇష్టం లేదని. ఆ పై చేయి కంపెనీ ప్లేస్టేషన్ అమ్మే సోనీ అని వేరే చెప్పక్కర్లేదు. మాట బాగానే ఉంది, కానీ ఆ మాట అనేసరికి మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లు పోసి బెథెస్డా అనే గేమ్ స్టూడియో ఓనర్ కంపెనీని కొని రెండేళ్లు దాటింది, ఆ స్టూడియో తీసిన స్కైరిమ్, ఫాలౌట్ 4 ప్లేస్టేషన్ మీద హాయిగా ఆడుకున్నవాళ్లకి దాని కొత్త గేమ్ స్టార్‌ఫీల్డ్ మాత్రం రాదని తేలిపోయింది కూడా. ఇష్టం లేని పనే ఇంత శ్రద్ధగా చేస్తే ఇష్టమున్న పని ఇంకెలా చేస్తారో.

ఎక్స్‌క్లూజివ్ అన్న ప్రతిదాన్నీ మేం తప్పుబట్టట్లేదు. బయోనెట్టా 2 అనే గేమ్ ఇంకో కన్సోల్ కంపెనీ నింటెండో డబ్బు పెట్టబట్టే బయటికొచ్చింది, లేకపోతే ఆ గేమే లేదు, అది వేరే కన్సోల్ వాళ్లకి అందలేదని అప్పట్లో ఎంత గోల చేసినా నిజం అదే. సోనీ, ఇన్‌సామ్నియాక్ అనే స్టూడియో ఎన్నో ఏళ్లు కలిసి పనిచేశాక, ఆ స్టూడియో తీసిన స్పైడర్‌మ్యాన్ గేమ్ హిట్టయ్యాక, 2019లో 22.9 కోట్ల డాలర్లకి సోనీ దాన్ని కొనుక్కుంది. అందులో కొత్తగా ఎవరి చేతిలోంచీ లాక్కున్నదేం లేదు. అందరికీ అమ్ముతున్న దుకాణాన్ని కొనేసి ఇకనుంచి మా వీధి వాళ్లకే అమ్ముతాం అనడం వేరు. బెథెస్డా విషయంలో జరిగింది అది. అసలు ఈ ఆటకి మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ పుట్టకముందే కొబ్బరికాయ కొట్టారు, 1999లో స్టీవ్ జాబ్స్ మాక్ కంప్యూటర్ల షో మాక్‌వరల్డ్ స్టేజీ మీద చూపించిన హేలో గేమ్, ఆ మరుసటేడు దాన్ని తీస్తున్న బంగీ స్టూడియోని మైక్రోసాఫ్ట్ కొనేయడంతో 2001లో ఎక్స్‌బాక్స్ గేమ్‌గా వచ్చింది, మాక్ వాళ్లకి దక్కేసరికి 2003 అయింది.

ఇక పెద్ద కేసుకొద్దాం. 2022 జనవరిలో 6,870 కోట్ల డాలర్లకి యాక్టివిజన్ బ్లిజార్డ్‌ని కొంటున్నామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అక్కణ్నుంచి దాదాపు ఇరవై ఒక్క నెలలు కంపెనీల మధ్య పోటీ సరిగ్గా ఉందా అని చూసే రెగ్యులేటర్లు, అమెరికాలో ఎఫ్‌టీసీ, బ్రిటన్‌లో సీఎంఏ, బ్రస్సెల్స్‌లో యూరోపియన్ కమిషన్, అందరూ కూర్చుని వాదించింది ఎక్కువగా ఒక్క ప్రశ్న మీదే, కాల్ ఆఫ్ డ్యూటీ ప్లేస్టేషన్‌కి వస్తుందా రాదా అని. బ్రిటన్ వాళ్లు క్లౌడ్ గేమింగ్ (కన్సోల్ లేకుండా ఇంటర్నెట్ మీదే గేమ్ ఆడటం) అని ఇంకో కోణం పట్టుకుని మొదట అడ్డుకున్నారు, క్లౌడ్ హక్కులు యూబీసాఫ్ట్ అనే వేరే గేమ్ కంపెనీకి ఇచ్చాక తప్పుకున్నారు. సోనీ మొదట వద్దు వద్దని చివరికి పదేళ్ల కాల్ ఆఫ్ డ్యూటీ ఒప్పందం మీద సంతకం పెట్టింది. 2023 అక్టోబర్ 13న డీల్ పూర్తయింది. అంటే ఏడాదికో భాగం వచ్చే, ఎవరూ ఎలాగూ ఆపరని అందరికీ తెలిసిన గేమ్‌కి పదేళ్ల రక్షణ దొరికింది. ఆ గేమ్స్ తయారుచేసే మనుషులకి, ఇప్పటికే కొనేసిన చిన్న స్టూడియోలకి ఎన్నాళ్ల రక్షణ ఉందని అడగడం ఎవరి లిస్టులోనూ ముఖ్యమైన ప్రశ్న కాలేదు.

జవాబు తొందరగానే వచ్చింది. మూడు నెలలు తిరిగేసరికి, 2024 జనవరిలో, మైక్రోసాఫ్ట్ గేమింగ్ విభాగంలో 1,900 మందిని ఇంటికి పంపారు, కోర్టులో మాకు చెప్పింది ఒకటి మీరు చేస్తోంది ఒకటి అని ఎఫ్‌టీసీ లెటర్ రాసుకుంది గానీ అప్పటికే తాళి కట్టేశారు, ఆ కేసు 2025 మేలో పూర్తిగా వదిలేశారు. 2024 మేలో, బెథెస్డాతో పాటు చేతికొచ్చిన స్టూడియోలు ఆర్కేన్ ఆస్టిన్, టాంగో గేమ్‌వర్క్స్ మూసేశారు. టాంగో సంగతి మాకు అస్సలు మింగుడు పడదు. టాంగో తీసిన హై-ఫై రష్ అని 2023 జనవరిలో ముందు హడావుడి ఏమీ లేకుండా వదిలిన గేమ్, జనానికి నచ్చింది, అవార్డులొచ్చాయి, ఏ లెక్కన చూసినా హిట్టే అని మైక్రోసాఫ్ట్ మార్కెటింగ్ వాళ్లే ట్విట్టర్‌లో చెప్పుకున్నారు. అలాంటి స్టూడియోకి తాళం వేసిన మర్నాడే, మనకి పేరూ అవార్డులూ తెచ్చే చిన్న గేమ్స్ కావాలని పైవాళ్లు స్టాఫ్ మీటింగ్‌లో అన్నట్టు వార్తలొచ్చాయి. ఆ మీటింగ్‌లో కూర్చున్నవాళ్లు మొహాలు ఎలా పెట్టుకుని విన్నారో మరి.

సోనీ ఇందులో తక్కువేం తినలేదు. మైక్రోసాఫ్ట్ నుంచి ఎప్పుడో విడిపోయిన అదే బంగీని 2022లో 360 కోట్ల డాలర్లకి కొని, 2024 జూలైలో ఆ కంపెనీలో 220 మందిని తీసేయడం చూసింది. ఫైర్‌వాక్ స్టూడియోని 2023లో కొన్నారు, దాని గేమ్ కాన్‌కార్డ్ 2024 ఆగస్టు 23న రిలీజై సెప్టెంబర్ 6న ఆఫ్‌లైన్ అయింది, అక్టోబర్‌లో స్టూడియోనే లేదు. సోనీకి ఎన్నో ఏళ్లుగా ఉన్న లండన్ స్టూడియో కూడా ఆ సంవత్సరమే పోయింది.

తమాషా ఏంటంటే ఏ గోడ కట్టడానికి ఇంత డబ్బు పోశారో ఆ గోడని ఇప్పుడు వీళ్లే కూలగొట్టుకుంటున్నారు. 2024 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ వాళ్లు నాలుగు ఎక్స్‌బాక్స్ గేమ్స్ వేరే కన్సోల్స్‌కి ఇస్తామన్నారు, తర్వాత ఫోర్జా హొరైజన్ 5 ప్లేస్టేషన్ మీదకొచ్చింది, గేర్స్ ఆఫ్ వార్ వచ్చింది, 2025 అక్టోబర్‌లో హేలో కూడా వస్తోందని ప్రకటించారు. అటు సోనీ హెల్‌డైవర్స్ 2ని ఎక్స్‌బాక్స్‌కి ఇచ్చింది. పెద్ద గేమ్ తీయడానికయ్యే ఖర్చు ఎక్కడికో పోయింది, ఒక్క డబ్బా ఉన్నవాళ్లకే అమ్మితే ఆ ఖర్చు తిరిగిరాదు, లెక్క అంతే. మరి ఆ లెక్క కొనేముందు ఎందుకు కనపడలేదు? పోయిన ఉద్యోగాలు హేలో ప్లేస్టేషన్‌కి వచ్చినంత మాత్రాన వెనక్కి రావు కదా.

మన దగ్గర గేమింగ్ అంటే ఎక్కువమందికి ఫోనే, కన్సోల్ కొనేవాళ్లు తక్కువ, ఆ కొనేవాళ్లకి కూడా అదొక పెద్ద నిర్ణయం. ప్లేస్టేషన్ 5 ఇండియాలో 2021 ఫిబ్రవరిలో 49,990 రూపాయలకి వచ్చింది, మరుసటేడు నవంబర్‌లో 54,990 చేశారు, పెద్ద గేమ్ ఒక్కోటి 4,999 దాకా పెట్టారు. ఇంట్లో అడిగి అడిగి ఒక డబ్బా కొనుక్కున్న కుర్రాడికి ఇంకో గేమ్ కోసం ఇంకో డబ్బా కొనుక్కో అనడం అంటే ఆ గేమ్ నీకు లేదు పో అనడమే.

కాబట్టి ఇకపై ఇలాంటి డీల్ వచ్చినప్పుడు రెగ్యులేటర్లు ఫలానా గేమ్ ఎక్కడ దొరుకుతుందనే కాకుండా, కొన్న స్టూడియోని మూసేసే ముందు దాన్ని, దాని గేమ్స్ హక్కుల్ని, ఆ టీమ్‌కో బయటివాళ్లకో కొనుక్కునే అవకాశం ఇస్తారా లేదా అని రాయించుకోవాలి అని మా అభిప్రాయం. ఇదేం గాల్లో మేడ కాదు. టాంగోని, హై-ఫై రష్ హక్కుల్ని 2024 ఆగస్టులో క్రాఫ్టన్ కొనుక్కుంది, మన పిల్లలకి బీజీఎంఐ పేరుతో తెలిసిన ఆ కొరియా కంపెనీయే. టాయ్స్ ఫర్ బాబ్ అనే స్టూడియో యాక్టివిజన్ నుంచి విడిపోయి సొంతంగా నిలబడింది. మనసుంటే దారి ఉంది, కాకపోతే ఇప్పుడది కొన్నవాళ్ల దయ మీద ఆధారపడి ఉంది.

2025 సెప్టెంబర్‌లో ఈఏ అనే పెద్ద గేమ్ కంపెనీని సౌదీ ప్రభుత్వ ఫండ్, ఇంకో ఇద్దరు కలిసి 5,500 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించారు, అందులో 2,000 కోట్లు అప్పు. కొనేది కన్సోల్ కంపెనీ కాదు కాబట్టి ఎక్స్‌క్లూజివ్ గొడవ ఇక్కడ రాదు, ఆ అప్పు ఎవరి జీతాల్లోంచి తీరుస్తారన్నదే ప్రశ్న. ఈఏకి హైదరాబాద్‌లో ఆఫీసుంది, అక్కడ మనవాళ్లు గేమ్స్ మీద పనిచేస్తున్నారు. కనీసం ఈసారైనా వాళ్ల గురించి ఎవరైనా అడగాలి.