వాక్యం పంపితే సరిపోదు, పక్కన కూర్చోవాలి

తెల్లవారుజామున నాలుగున్నరకి ఫోన్ టింగుమంటుంది. ‘ఈ దిన వాగ్దానం’. సూర్యోదయం ఫొటో, రెండు గువ్వలు, మధ్యలో మీకు మేలు చేసే ఉద్దేశమే నాదని దేవుడు చెప్పే బైబిలు వచనం, యిర్మీయా 29:11. ఆరయ్యేసరికి అదే వచనం నాలుగు గ్రూపుల నుంచి, ఇద్దరు బంధువుల నుంచి, ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు నుంచి కూడా వచ్చేస్తుంది. వాళ్లలో ఒక్కరూ ‘ఎలా ఉన్నావు’ అని అడగరు. అడిగితే జవాబు వినాల్సి వస్తుంది కదా.

ఆ వచనం ఎక్కడిదో చూడండి. బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్లకి యిర్మీయా రాసిన ఉత్తరంలోది. దానికి ఒక్క వచనం ముందు డెబ్బై ఏళ్లు ఆగాలని ఉంది. ఇంకొంచెం పైన, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మల్ని చెరలోకి తెచ్చిన ఊరి క్షేమం కోరి ప్రార్థన చేయండి అని ఉంది. ‘దాని క్షేమము మీ క్షేమమునకు కారణమగును’ అని కారణం కూడా చెప్పాడు. ఇరుగుపొరుగు బాగు చూడమన్న ఉత్తరంలోంచి మన బాగు ఒక్కటే కత్తిరించుకుని గువ్వల ఫొటో మీద అతికించాం. ఊరి క్షేమం కోరమన్న ఆ ఏడో వచనం నా వాట్సాప్‌కి ఇంతవరకు రాలేదు.

కిందటేడు మా అమ్మతో పన్నెండు రోజులు ఒక పెద్దాసుపత్రి జనరల్ వార్డులో ఉన్నాను. ఆదివారం మధ్యాహ్నం ఒక బృందం వచ్చింది. మంచానికో కరపత్రం, ఒక అరటిపండు, గట్టిగా ఒక ప్రార్థన, తలుపు దగ్గర ఒక గ్రూప్ ఫొటో. పది నిమిషాల్లో వార్డంతా అయిపోయింది. ఎవరి పేరూ అడగలేదు.

అదే వార్డులో భర్తకు తోడుగా ఒకావిడ ఉండేది. మిరపకోతలకు వెళ్లే మనిషి. మంచం కింద ప్లాస్టిక్ చాప, జిప్పు కవర్‌లో నలిగిపోయిన బైబిలు. ఎదురు మంచం మీద రామకోటి రాసుకునే పెద్దావిడ, కొడుకు రాత్రిపూట మాత్రమే వచ్చేవాడు. ఈవిడ వేడినీళ్లకి వెళ్లినప్పుడల్లా రెండు ఫ్లాస్కులు పట్టుకెళ్లేది. ఒకటి వాళ్లది, ఒకటి ఆ పెద్దావిడది. సెలైన్ అయిపోవస్తే నర్సుని కేకేసేది, జావ చల్లార్చి తాగించేది. నాలుగో రోజు పెద్దావిడే అడిగింది, ‘రోజూ ఏం చదువుకుంటావే పిల్లా, నాకూ వినపడేట్టు చదువు’ అని. ‘చదవమంటారా పెద్దమ్మా’ అంటూ నలభై ఒకటో కీర్తన తీసింది. ‘రోగశయ్యమీద యెహోవా వానిని ఆదరించును’ దగ్గర లైను తప్పి, వేలితో వెతుక్కుని, మళ్లీ చదివింది. పెద్దావిడ కళ్లు మూసుకుని విన్నది. మర్నాడు పొద్దున యథాప్రకారం రామకోటి రాసుకుంది. ఈవిడ ఆ పుస్తకం కింద పడితే తీసి ఇచ్చింది.

ఆరేళ్లు సండే స్కూల్లో పాఠాలు చెప్పినవాణ్ని నేను. ఆ ఎదురు మంచం ఫ్లాస్కు నాకెందుకు కనపడలేదో ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1876–78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఏం చేశాడో మన ప్రకాశం జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకి కూలి పని ఇచ్చాడు. బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. తట్టలు దించి గట్టు మీద కూలబడ్డవాళ్లకి వాళ్లు చెప్పిన మాట, ‘ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి’. నెత్తిన మన్ను మోసి వచ్చిన మనిషికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోండి. అసలు విశేషం ఇంకోటి ఉంది. కరువు సాయం నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం ఎవరూ చేరకూడదని. సాయం ఆగిపోయాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సేవ అంటే మతం మార్చడానికి వేసే ఎర అనేవాళ్లూ, బియ్యం సంచి మీద కరపత్రం పెట్టి పంచేవాళ్లూ ఆ నిరీక్షణ కాలం గురించి ఒకసారి చదివితే మంచిది.

‘వినుట వలన విశ్వాసము కలుగును’ అని రాసి ఉంది కాబట్టి వాక్యం ఏ దారిన వెళ్లినా పని చేస్తుందని వాదించేవాళ్లున్నారు. చెప్పొద్దని నేనూ అనను. దోర్నకల్ బిషప్ అజరయ్య కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ల చేయి వాళ్ల తల మీదే పెట్టించి, ‘సువార్త ప్రకటించకపోతే అయ్యో, నాకు శ్రమ’ అని చెప్పించేవాడు. అయితే ఆ అజరయ్యే 1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో లేచి ఏమన్నాడు? పేదలకు మీ ఆస్తి పంచారు, మీ శరీరాలను కాల్చబడడానికి అప్పగించారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నాడు. ప్రేమ లేకపోతే ఏమిచ్చినా వ్యర్థమనే మొదటి కొరింథీ పదమూడో అధ్యాయాన్ని తెల్లదొరల ముఖాన అంత మర్యాదగా కొట్టినవాడు మరొకడు లేడు. మిషనరీలు అన్నీ ఇచ్చారు, సమానుడిగా పక్కన కూర్చోబెట్టుకోవడం తప్ప. రెండేళ్లకే ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు.

ఇప్పుడు దొరలు లేరు. వాళ్ల కుర్చీలో మనమే కూర్చున్నాం. చాలా ఊళ్లలో ఒకే ప్రభువుకి మాలపల్లెలో ఒక చర్చి, మాదిగపల్లెలో ఒక చర్చి, ఊరి నడుమ పెద్దకులాల విశ్వాసులకి ఇంకో మందిరం. టెంట్ వేసి ప్రేమవిందు పెడతాం, వందమందికి బిర్యానీ వడ్డిస్తాం, ఇంట్లో మాత్రం ఆ వందలో పదిమందికి కూడా కంచం పెట్టం. రోడ్డు మీద ముక్కూమొహం తెలియని వాడికి కరపత్రం ఇవ్వడం తేలిక. సంఘంలో రెండో వరసలో కూర్చునే సహోదరుడి కొడుక్కి పిల్లనివ్వమంటేనే వస్తుంది టెన్షన్. కులం గురించి పల్లెత్తు మాట అనని ప్రసంగం గంటసేపు సాగినా, అది ఆ కొరింథీ అధ్యాయం చెప్పిన, ప్రేమలేని మ్రోగెడు కంచు కిందే లెక్క.

మా విశ్వాసుల పెళ్లి సంబంధాల గ్రూపులో మొన్నొక ప్రకటన వచ్చింది. ‘మారుమనస్సు, రక్షణ పొందిన, ప్రార్థనాపరురాలైన వధువు కావలెను.’ కింద లైనులో కులం పేరు. ‘ఇతరులు దయచేసి ఫోన్ చేయవద్దు.’ పెట్టినాయన రోజూ నాకు వాగ్దానం పంపే మనిషే. ఆ పొద్దున పంపింది గలతీ 3:28, యూదుడని గ్రీసుదేశస్థుడని లేదు అన్న వచనం. ఉండబట్టలేక ఫోన్ చేసి అడిగాను. ఆయనేం నొచ్చుకోలేదు.

‘ఆత్మ సంబంధం వేరు, పెళ్లి సంబంధం వేరు బ్రదర్’ అన్నాడు. వందనాలు చెప్పి పెట్టేశాడు.