మహారాజశ్రీ ఇంటిపేరు గారికి

మహారాజశ్రీ కొత్తపల్లి ఇంటిపేరు గారి సముఖానికి, పుట్టినప్పటి నుంచి తమరిని మోస్తున్నవాడు రాసుకునే విన్నపం. ఇక్కడ మేమందరం క్షేమం. తమరి క్షేమానికి తెలుగుదేశంలో ఎన్నడూ లోటు రాలేదు. ఉభయకుశలోపరి.

తమరి పేరున ఆత్మీయ సమ్మేళనం జరగబోతోంది. ఫ్లెక్సీ నమూనా నాకూ పంపారు. ఒక సింహం, అడ్డంగా రెండు కత్తులు, నడుమ బంగారు అక్షరాల్లో తమరు. సింహం ఎందుకని అడిగితే మన మూలపురుషుడు కాకతీయుల సేనాని అన్నారు. ఆధారం ఏమిటని అడిగితే జవాబుగా రెండు నమస్కారాల బొమ్మలు వచ్చాయి. తెలుగునాట ఏ ఇంటిపేరు కింద తవ్వినా ఒక సేనానో, మహామంత్రో, కనీసం ఒక దండనాయకుడో తగలకుండా ఉండడు. తమలపాకులు అమ్ముకున్నవాడూ, గొర్రెలు కాసినవాడూ, అప్పులవాళ్ళకు కనబడకుండా తిరిగినవాడూ సంతానం లేకుండానే పోయారు కాబోలు. ఇంతమంది సేనానులుండగా 1323లో ఓరుగల్లు ఎలా పడిపోయిందన్నదే నాకు అంతుపట్టదు.

సరే, సేనాని అనే అనుకుందాం. ఏ ఊరివాడు? ఇక్కడే తమరితో అసలు పేచీ. సర్వేపల్లి వారికి ఈ తిప్పలు లేవు. రాధాకృష్ణన్ గారు తిరుత్తణిలో పుట్టినా ఆయన ఇంటిపేరు వేలు పట్టుకుని నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లికి తీసుకుపోతుంది. విశ్వేశ్వరయ్య గారు పుట్టింది కన్నడదేశంలోని ముద్దెనహళ్ళిలో, మోక్షగుండం ఉన్నది గిద్దలూరు ప్రాంతంలో. త్యాగరాజస్వామి తిరువారూరులో పుట్టి కావేరి నీళ్ళు తాగి పెరిగినా కాకర్ల వారే. తమరు మాత్రం కాకినాడ అవతల సముద్రపు ఒడ్డున ఉప్పాడ పక్కన ఉన్నారు, కరీంనగర్‌ను ఆనుకుని ఉన్నారు, నంద్యాల జిల్లాలో సంగమేశ్వరం ఉన్న మండలానికి పేరై ఉన్నారు, రంగారెడ్డి జిల్లాలో మెట్టపంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వాననీటిని నేలలో ఇంకించడం చేసి చూపించిన ఊరై కూడా ఉన్నారు. ఇవి నాలుగూ నలుగురికీ తెలిసినవి. తెలియనివాటికి లెక్క లేదు. చెరువు తెగినా, గత్తర తగిలినా, దండు నడిచినా, శిస్తు కట్టలేక రాత్రికి రాత్రి మూటాముల్లె సర్దుకున్నా, మిగిలినవాళ్ళు మరోచోట నాలుగు గుడిసెలు వేసుకుంటే దానికి సిద్ధంగా ఉండే పేరు తమరిది. 1832-33లో డొక్కల కరువు, 1876-78లో ధాత కరువు చూసిన నేల ఇది. కొత్త పల్లెలు పుట్టడానికి కారణాలు వెతుక్కోవలసిన పని లేదు.

ఇంకొక చిక్కు. కొత్తపల్లిలో కాపురమున్నవాణ్ణి కొత్తపల్లివాడని ఎవరూ పిలవరు, అక్కడ అందరూ ఆ ఊరివాళ్ళే. వాడు ఊరు విడిచి ఇంకో ఊళ్ళో అరుగెక్కినప్పుడు 'ఆ వచ్చినవాళ్ళు కొత్తపల్లి వాళ్ళట' అని ఎవరో అన్న తరవాతే తమరి జననం. అంటే మన మూలపురుషుడు చేసిన ఘనకార్యాల్లో నేను నిశ్చయంగా చెప్పగలిగింది ఒక్కటే, ఊరు వదిలిపెట్టడం. ఎందుకు వదిలాడో, అన్నదమ్ముల వ్యాజ్యమో, ఎండిన చెరువో, మునసబుతో పేచీయో, అది ఫ్లెక్సీకి ఎక్కదు. పైగా ఊరు విడిచినవాడు ఒక్కడే కాదు. కరణం విడిచాడు, కంసాలి విడిచాడు, కౌలు రైతు విడిచాడు, పాలేరు విడిచాడు. పొరుగూరివాళ్ళు అందరికీ ఒకే ముద్ర వేశారు.

అందుకే అక్కంపేటలో పుట్టిన ఆచార్య జయశంకర్ గారూ కొత్తపల్లి వారే, శ్రీకాకుళం వైపు నుంచి హైకోర్టు న్యాయమూర్తి పీఠం దాకా వెళ్ళిన పున్నయ్య గారూ కొత్తపల్లి వారే. వీరిద్దరికీ చుట్టరికం ఉందని నేనెక్కడా వినలేదు. మన సమ్మేళనం పెద్దలు మాత్రం ఇద్దరి ఫొటోలూ వేద్దామని ఉత్సాహపడ్డారు. 'మనవాళ్ళు ఎంతెంత వారయ్యారో చూశారా' అన్నారు. ఆ సాయంత్రమే సభ్యత్వ పత్రంలో ఇంటిపేరు పక్కన కులం గడి కూడా పెట్టారు. గడి పెట్టగానే 'మన కొత్తపల్లి వేరు, ఆ కొత్తపల్లి వేరు' అని జ్ఞానోదయమైంది. గొప్పవాళ్ళ ఫొటోల దగ్గర ఒకే వంశం, పంక్తి భోజనం దగ్గర అసలు సంగతి. తమరు అందరినీ సమంగానే అంటిపెట్టుకున్నారు, ఆ విషయంలో మాత్రం తమరిని తప్పుపట్టను.

ఇక కాగితాలు. తిరగేయమని అందరూ సలహా ఇస్తారు, తిరగేసేవాడు ఒక్కడు. కంపెనీ దొర కర్నల్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తుల్లో, అంటే ఊళ్ళ చరిత్రల్లో, ఊరి పుట్టుక ఉంటుంది, గుడి మాన్యాలు ఉంటాయి, ఏ రాజు ఎవరికి ఏమిచ్చాడో ఉంటుంది. ఏమీ పుచ్చుకోనివాడు ఉండడు. 1858లో ఏర్పడిన మద్రాసు ఇనాం కమిషన్ వాళ్ళ రిజిస్టర్లలో తాతముత్తాతల పేర్లు దొరుకుతాయి, అయితే ఇనాం, అంటే శిస్తు మాఫీ అయిన మాన్యం, ఉండాలి. నిజాం రాజ్యంలో సేత్వారులూ పహాణీలూ అనే భూమి లెక్కలు ఉన్నాయి, అయితే పొలం ఉండాలి. భూమి లేనివాడికి తాత కూడా లేడన్నది సర్కారు వారి సిద్ధాంతం. దాన్ని వాళ్ళు ఏనాడూ దాచలేదు.

పోనీ పొలమూ ఉంది, రిజిస్టరూ దొరికింది అనుకుందాం. అందులో 'కొత్తపల్లి వెంకయ్య, తండ్రి రామయ్య' అని ఉంటుంది. సంతోషం. పై తరం కాగితంలో 'కొత్తపల్లి రామయ్య, తండ్రి వెంకయ్య'. ఆ పైన మళ్ళీ వెంకయ్య, తండ్రి రామయ్య. తాత పేరు మనవడికి పెట్టుకునే ఆచారం ఎంత చల్లనిదో వంశవృక్షం గీయడానికి కూర్చున్నవాడికి తెలుస్తుంది. వృక్షం కాదది, రెండు పేర్ల తాడు. దానికి తోడు అన్నదమ్ములు నలుగురూ తమ తండ్రి పేరు తమ పెద్దకొడుకులకు పెట్టుకుంటారు కాబట్టి ఒకే ఊళ్ళో, ఒకే ఇంటిపేరుతో, ఒకే ఈడు వెంకయ్యలు నలుగురు తయారవుతారు. ఊరివాళ్ళు తెలివైనవాళ్ళు, వీళ్ళను పొడుగు వెంకయ్య, మెల్ల వెంకయ్య, చింతచెట్టు వెంకయ్య అని విడదీశారు. రిజిస్టరు రాసినవాడు పెద్దమనిషి, మెల్లకన్ను సంగతి రాయలేదు.

గోత్రాలూ ఇంటిపేర్లూ వరసగా పాడి వినిపించేవాళ్ళు మనకు ఉండేవారు. పిచ్చికుంట్ల వారని ఒకప్పుడు ఎగతాళిగా పిలిచాం, ఇప్పుడు వంశరాజులంటున్నాం. కళ్ళం దగ్గరికి వచ్చి తరాలు చెప్పి నాలుగు గింజలు అడిగితే రేపు రమ్మన్నాం. ఆ మనమే ఈనాడు గాజుగొట్టంలో ఉమ్మి విదేశీ కంపెనీకి పంపి, డాలర్లు చెల్లించి, మేము దక్షిణాసియా వాళ్ళమని తెలుసుకుని పరవశిస్తున్నాం.

తమరి అధికార పరిధి ఎంతో ఒకసారి లెక్క కడదాం. నాకు తల్లిదండ్రులు ఇద్దరు, తాతలూ అవ్వలూ నలుగురు. ఇలా పది తరాలు వెనక్కి పోతే ఆ ఒక్క వరసలో 1,024 స్థానాలు. అందులో తమరిని తండ్రి నుంచి కొడుకుగా నా దాకా అందించిన స్థానం ఒక్కటి. మిగిలిన 1,023 స్థానాల గురించి తమరికి పట్టింపు లేదు. మన మేనరికాల పుణ్యమా అని అన్ని స్థానాల్లోనూ అంతమంది వేర్వేరు మనుషులు ఉండరనుకోండి. మేనమామ కూతుర్ని చేసుకున్నచోట ఒకే ముత్తాత రెండు వైపుల నుంచీ వచ్చి రెండు పీటల మీదా కూర్చుంటాడు. ఆ తగ్గింపు పోగా మిగిలినవాళ్ళయినా తక్కువేమీ కాదు. ఆ ఒక్క పోగైనా తెగకుండా వచ్చిందా? దత్తత పోయినవాడు ఇంటిపేరు మార్చుకున్నాడు. ఇల్లరికపుటల్లుడి పిల్లలు కొన్ని ఇళ్ళలో మామగారి ఇంటిపేరుతో పెరిగారు. వాళ్ళ వారసులు కూడా సమ్మేళనంలో సింహం బొమ్మ కింద రొమ్ము విరుచుకుని నిలబడతారు.

ఆడవాళ్ళ సంగతికి వస్తే తమరి లీల చెప్పనలవి కాదు. తల్లి నుంచి బిడ్డకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ మా అమ్మమ్మ తల్లి నుంచి, ఆమె తల్లి నుంచి, ఇంకా వెనక నుంచి, ఒక్క పెళ్ళిపందిట్లోనూ పేరు మార్చుకోకుండా నడిచి వచ్చింది. ఆ దారికి పేరు లేదు, తమరు ప్రతి పందిట్లోనూ దాన్ని చెరిపేశారు. తమాషా ఏమిటంటే, అదే పందిట్లో పురోహితుడు గోత్రమూ, ముత్తాత, తాత, తండ్రి పేర్లూ చదివి కన్యాదానం చేయిస్తాడు, తమరి ఊసెత్తడు. తద్దినం మంత్రంలోనూ అంతే. దేవుళ్ళకూ పితరులకూ అక్కరలేని తమరు పాస్‌పోర్టు ఆఫీసుకు మాత్రం ప్రాణావసరం. సముద్రం దాటినవాళ్ళు తమరిని ముందు నుంచి వెనక్కి నెట్టారు, స్వదేశంలో మేము 'కె' అనే ఒక్క అక్షరానికి కుదించాం. ఆ 'కె'లో కాకర్ల వారూ, కొండవీటి వారూ కూడా సర్దుకుంటున్నారు.

నా విన్నపం చిన్నదే. ఫ్లెక్సీలో సింహానికి ఇచ్చిన చోటు ఖాళీ చేయించండి. ఈ ఇంటికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళ పుట్టింటి పేర్లు అక్కడ రాయిస్తాను. మా నాయనమ్మది పెద్దలకు తెలియదట, ఆమె అత్తగారిది 'ఏదో ఉండాలి' అట. తెలిసినవాళ్ళలో మా మేనత్త ఒక్కరే మిగిలారు. ఆవిడకు చెవులు సరిగా వినబడవు, ఫోను ఎత్తితే ముందు నేనెవరి కొడుకునో గంటసేపు చెప్పించుకుంటారు. ఆవిడ మధ్యాహ్నపు నిద్ర లేచే వేళైంది. ఉంటాను.

ఇట్లు,
కె. వెంకయ్య. రామయ్య కూడా కావచ్చు, ఎలా పిలిచినా పలుకుతాను.