చదవనోళ్ల నోట్లో బతికేదే క్లాసిక్

క్లాసిక్ అంటే ఏంటని అడిగితే వందేళ్లు నిలబడింది, పీహెచ్‌డీలు వచ్చాయి, సిలబస్‌లో ఉంది అంటారు. నాకు అవేవీ సరిపోవు, ఎందుకంటే మా పర్లాకిమిడిలో సిలబస్సే వేరు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు అటు వెళ్లిపోయింది, వాడుక భాష కోసం కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు మేష్టారుగా పనిచేసిన ఊరే ఇది, అలాంటి చోట ఇప్పుడు మా ఇళ్లల్లో చాలామంది పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు గానీ అక్షరం చదవలేరు, బళ్లో ఒడియా కదా.

మొన్న ఓ పెళ్లి భోజనాల్లో ఒకాయన ఐదో బూరె అడిగితే మా అక్క కొడుకు, తొమ్మిదో క్లాసు, "ఈయనకో వీరతాడు వెయ్యండ్రా" అన్నాడు. పంక్తంతా నవ్వింది. ఎక్కడిదిరా ఆ మాట అంటే "తెలీదు మావయ్యా, తాత అంటాడు కదేటి" అన్నాడు.

అది 1957 నాటి మాయాబజార్ మాట. వాడు ఆ సినిమా పూర్తిగా చూళ్లేదు. చూడక్కర్లేదు కూడా, మెచ్చుకున్నోడి మెడలో పడేదేదో అని వింటేనే తెలిసిపోతుంది. అసమదీయులు, తసమదీయులు కూడా అంతే, వ్యాకరణం ఒప్పుకోకపోయినా రాజకీయ వార్తల్లో ఇప్పటికీ తిరుగుతున్నాయి. అసలా శశిరేఖ పెళ్లి కథే వ్యాసుడి భారతంలో లేదు, పైగా పాండవులు తెరమీద కనపడరు, అయినా ఎవరికీ లోటు అనిపించదు. నా లెక్కలో క్లాసిక్ అంటే ఇదే, ముక్క విరిచి ఎక్కడ పెట్టినా ఆ ముక్క పనిచెయ్యాలి.

కన్యాశుల్కం సంగతి కొంచెం చిక్కు. గురజాడ దాన్ని 1892లో విజయనగరంలో ఆడించి, 1897లో అచ్చేయించి, అంతటితో వదలకుండా 1909కి బాగా పెంచి దాదాపు కొత్తగా రాశారు, అంటే మనం నెత్తిన పెట్టుకునేది రెండో ప్రయత్నాన్ని (మొదటిది చదివినోళ్లు ఎంతమందో!). డబ్బు తీసుకుని పిల్లనిచ్చే ఆ ఆచారం మా వైపు ఎప్పుడో పోయింది, కానీ పని చెయ్యకుండా మాటల్తో బతికేవాడు ప్రతి వీధిలో ఉన్నాడు కాబట్టి గిరీశం పోలేదు. పేరే తిట్టయిపోయింది. "డామిట్, కథ అడ్డం తిరిగింది" అని ఆటో చెడిపోయినా అంటాం.

అయితే మా వాడు "గిరీశం అంటే ఎవరేటి మావయ్యా, మనూరోడా?" అని అడిగినప్పుడు నా థియరీ కాస్త తడబడింది. మాట మిగిలింది, మనిషి జారిపోయాడు. మాయాబజార్‌కి టీవీ ఉంది, యూట్యూబ్ ఉంది, ఏడంకాల నాటకానికి లిపి రానోడి దగ్గర ఏముంది? పుస్తకం తీసి రెండు పేజీలు చదివి వినిపించా. ఒక్క అర్థం అడగలేదు, ఆ యాస మాదే కదా, పక్కింటోళ్లు మాట్లాడుతున్నట్టే విన్నాడు. మిగతాది వాట్సాప్‌లో వాయిస్ పెట్టమన్నాడు. రోజుకో రెండు పేజీలు పెడుతున్నా, ఇంకా రెండో అంకం దాటలేదు.