టువాలు పెరిగిందంటూ సగం చెప్పి సగం దాచిన సందేశం

"టువాలు దీవులు మునగడం లేదు, పెరుగుతున్నాయని శాస్త్రవేత్తలే తేల్చారు. సముద్రమట్టం భయం కట్టుకథ. విదేశీ సొమ్ము కోసం ఏడుపు. అంత కష్టమైతే ఇంకో దేశం వెళ్లొచ్చుగా!" పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న దీవుల దేశం టువాలు గురించి వాట్సాప్‌లో తిరుగుతున్న ఈ సందేశాన్ని చదువుకున్నవారూ నమ్ముతున్నారు.

శాస్త్రవేత్తల మాట నిజమే. ఆక్లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1971 నుంచి 2014 వరకు ఆకాశం నుంచి తీసిన చిత్రాలతో అక్కడి 101 దీవులను కొలిచి, మొత్తం నేల 2.9 శాతం పెరిగిందని 2018లో ప్రకటించారు. దాదాపు నాలుగో వంతు దీవులు తరిగిపోయాయి. ఆ కాలంలో అక్కడి సముద్రమట్టం ప్రపంచ సగటుకు రెట్టింపు వేగంతో పెరిగిందని చెప్పిందీ ఆ పరిశోధనే. దాన్నే చూపించి సముద్రం పెరగలేదనడం ఎంత అన్యాయం!

పైగా వారు కొలిచింది వైశాల్యాన్ని, బతుకును కాదు. అలలు పగడపు ముక్కలనూ ఇసుకనూ తెచ్చి ఒడ్డున పోస్తే దీవి వెడల్పవుతుంది. ఊళ్లోకి ఉప్పునీరు రావడం దాంతో ఆగదు. టువాలులో నదుల్లేవు. ఇంటికప్పు మీది వాననీటిని తొట్లలో పట్టి తాగుతారు. చేమ జాతికి చెందిన 'పులక' దుంపను భూగర్భంలోని పలుచని మంచినీటి పొర తగిలేదాకా గుంటలు తవ్వి పండిస్తారు. ఆ పొరలో ఉప్పు కలిస్తే దుంప కుళ్లిపోతుంది. 2011లో వానలు ముఖం చాటేస్తే ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది, ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రాలు విమానాల్లో రావాల్సి వచ్చింది. ఒడ్డున చేరిన ఇసుక ఎవరి దాహం తీర్చింది?

సొమ్ము సంగతి. వాతావరణ మార్పును తట్టుకునేందుకు పేద దేశాలకు తోడ్పడే అంతర్జాతీయ హరిత వాతావరణ నిధి సాయంతో టువాలు రాజధాని ఫునాఫుటిలో సముద్రాన్ని పూడ్చి ఏడు హెక్టార్లకు పైగా ఎత్తయిన నేలను నిర్మించారు. ఖర్చు కళ్లెదుటే ఉంది. భూమిని వేడెక్కించిన ఉద్గారాల్లో ఈ దీవుల వాటా లెక్కలోకి రానంత స్వల్పం. దీనిపై అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం కోరాలని పసిఫిక్ న్యాయవిద్యార్థులు 2019లో మొదలుపెట్టిన ప్రయత్నాన్ని మరో పసిఫిక్ దీవుల దేశం వనువాటు ఐక్యరాజ్యసమితికి తీసుకువెళ్లింది. వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధమైన బాధ్యత అనీ, దాన్ని ఉల్లంఘిస్తే నష్టపరిహారం చెల్లించాల్సి రావచ్చనీ అంతర్జాతీయ న్యాయస్థానం 2025 జులై 23న అభిప్రాయం చెప్పింది. హక్కుగా అడిగేదాన్ని ఏడుపు అనడం నాకు కోపం తెప్పిస్తోంది.

ఇక వెళ్లిపొమ్మనే సలహా. ఆస్ట్రేలియాతో ఒప్పందం ఉంది, కానీ ఏడాదికి 280 మందికే. ఫిజీలోని వునిదొగొలోవా గ్రామం సముద్రం ముంచుకొస్తే దేశం విడిచిపోలేదు, 2014లో తన సొంత నేల మీదే లోపలికి జరిగింది. టువాలు ప్రజలైతే 2023లో రాజ్యాంగాన్ని సవరించుకుని, వాతావరణ మార్పు వల్ల ఏం జరిగినా తమ దేశం శాశ్వతంగా నిలిచే ఉంటుందని అందులో రాసుకున్నారు.