ఎస్పెరాంటో టోపీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ టోపీ గారి దివ్యసముఖమునకు నమస్కారములు.

రోమన్ లిపిలోని సి, జి, హెచ్, జె, ఎస్ అనే ఐదు అక్షరాల నెత్తిన తమరు ‘^’ ఆకారపు గుర్తుగా 1887 నుంచి కొలువుదీరి ఉన్నారు. ఆ సంవత్సరం వార్సాలో తాను కల్పించిన కొత్త భాష ఎస్పెరాంటోను అచ్చు వేయించిన డాక్టర్ జామెన్‌హాఫ్ గారు ఒక అక్షరానికి ఒకే ధ్వని, ఒక ధ్వనికి ఒకే అక్షరం అని నియమం పెట్టుకున్నారు. నియమం బంగారమే కాని, దానికి సరిపడా అక్షరాలు రోమన్ లిపిలో లేవు. ఇంకొకరైతే రెండేసి అక్షరాలు జోడించి సర్దుకునేవారు. ఆయన తమరిని పిలిపించారు. వృత్తిరీత్యా కంటి వైద్యుడైన మనిషి, చదివేవాడి కంటికి ఇంత సన్నని గురుతును పరీక్షగా పెట్టడం కేవలం యాదృచ్ఛికమేనా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

మా వైపు టోపీ పెట్టడమంటే మోసగించడం. అయినా తమరు చేసే పని నిజాయతీగానే చేస్తారని ఒప్పుకోవాలి. టోపీ లేని సి మా ‘చాప’లోని మొదటి ధ్వని, టోపీ ఉన్న సి మా ‘చేప’లోని మొదటి ధ్వని. ఈ రెండింటినీ మేము ఒకే చకారంతో రాసుకుంటాం. తేడా చూపడానికి వెనకటి పండితులు చకారం నెత్తిన రెండంకె వంటి గుర్తు పెడితే, అందరం కలిసి దాన్ని దించేశాం. మా తలకట్టుకైనా కాస్త మర్యాద తెలుసు, గుడి రాగానే తప్పుకుంటుంది. తమరు మాత్రం ఎవరు వచ్చినా దిగరు.

తమ నిష్పక్షపాతం కూడా మెచ్చదగినదే. ఫ్రెంచివారు తమరిని అచ్చుల నెత్తిన మాత్రమే కూర్చోబెట్టుకున్నారు. హల్లుల మీద కూర్చున్న తమరి కోసం ఏ పెద్ద దేశపు అచ్చుకూటంలోనూ సీసపు అక్షరాలు సిద్ధంగా లేవు. ఏ జాతికీ చెందని భాష కావాలని జామెన్‌హాఫ్ గారు అన్నారు కనుక, తమరు ఏ జాతినీ వదలకుండా అందరినీ సమానంగా ఇబ్బంది పెట్టారు.

అక్షరాలు దొరకని ముద్రాపకులు తమరికి బదులు హెచ్ చేర్చుకోవచ్చునని జామెన్‌హాఫ్ గారే సెలవిచ్చారు. కాని ఆ భాషలో విమానాశ్రయాన్ని ‘ఫ్లుగ్‌హవేనో’ అంటారు. ‘ఫ్లుగ్’ ఎగరడం, ‘హవేనో’ రేవు. ఆ పద్ధతి ప్రకారం నడుమనున్న జి, హెచ్ కలిసి జకారమైపోతే, విమానం ‘ఫ్లుజవేనో’ అనే ఊరు కాని ఊళ్లో దిగుతుంది. ఈ తంటా పడలేక తరవాతివారు, ఆ భాష వర్ణమాలలోనే లేని ఎక్స్‌ను తెచ్చి పక్కన నిలబెట్టారు. గందరగోళం తీరిందే గాని, ప్రతి పుటా మాస్టారు కోపంగా ఇంటు మార్కులు పెట్టి తిప్పి పంపిన పరీక్ష పేపరులా తయారైంది.

తమరిని దించే ప్రయత్నం జరగలేదని కాదు. 1894లో జామెన్‌హాఫ్ గారే సంస్కరణలు ప్రతిపాదించి, అందులో తమకు ఉద్వాసన రాసిపెట్టి, ఆ భాష పత్రిక చందాదారుల ముందు ఓటుకు పెట్టారు. పాత భాషే ఉండాలని అధికసంఖ్యాకులు తేల్చారు. కన్నతండ్రి పొమ్మన్నా బంధువులు పోనివ్వని కొడుకును తమరిలోనే చూశాను. 1907లో కొందరు విడిపోయి, టోపీలు లేని ‘ఇడో’ భాషను చేసుకున్నారు. టోపీలు పోయాయి గాని, జనం పెద్దగా రాలేదు.

తమ పరివారంలో హెచ్ నెత్తినున్న టోపీ సంగతి తలచుకుంటే మాత్రం జాలి వేస్తుంది. దాని ఖకారం వంటి ధ్వని స్థానంలో కకారం వచ్చి, రసాయనశాస్త్రం ‘ఖెమియో’ నుంచి ‘కెమియో’కు, వాస్తుశిల్పి ‘అర్ఖిటెక్టో’ నుంచి ‘అర్కిటెక్టో’కు జారిపోయారు. మా బండి ఱ కూడా ఇలాగే ఖాళీ అయింది. ఇద్దరూ ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోవచ్చు.

ఇక నా ఫిర్యాదు. ‘మి షాటస్’ అంటే నాకు ఇష్టమని, టోపీ తీసేస్తే ‘మి సాటస్’, అంటే నాకు కడుపు నిండిందని అర్థం. మొన్న ఒక మిత్రుడికి ఈ భాషంటే ఇష్టమని రాయబోతే, నా ఫోను తమరిని ఎక్కించుకోలేదు. దిద్దుదామని ఉత్తరం మళ్లీ తెరిచాను. అందులో అబద్ధమేమీ కనబడక మూసేశాను.

ఇట్లు,
తమ విధేయుడు,
తలకట్టు లిపి వాడు